అన్నింట్లో వేలు పెట్టే సారు

మా లెక్కల సారు పోయారు. కుంట నుంచి మితానిన్ అక్క ఫోన్ చేసి చెప్పింది. మితానిన్ అంటే మా ఛత్తీస్‌గఢ్‌లో ఇంటింటికీ తిరిగి మందులిచ్చే ఊరి ఆరోగ్య కార్యకర్త. అప్పుడు నేను జగ్దల్‌పూర్‌లో మా వీధి కొళాయి కింద బిందె పెట్టి నిలబడి ఉన్నాను. సారు పొద్దున టీ తాగి, కుర్చీలో కూర్చుని పేపరు తిప్పుతూ అలాగే ఒరిగిపోయారట. అమ్మగారు పిలిస్తే పలకలేదట. అక్క ఇదంతా వరసగా, ఏడవకుండా చెప్పి, బయల్దేరమంది. బిందె నిండి పొర్లుతోంది. పక్కింటావిడ వచ్చి కొళాయి కట్టేసింది.

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం చెబుతాను. శబరి నది ఒడ్డున కుంటలో సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు, సంతలో అక్కడి ఆదివాసుల భాష డోర్లీ మాట్లాడేవారు. మాది ఆ బజారులోనే బట్టల కొట్టు. ఆరో తరగతి నుంచి నాకు ఆయన సారు, నలభై దాటాక కూడా సారే. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక విరిగిన స్కేలు ఉండేది. పదిహేను సెంటీమీటర్లలో పదకొండు మిగిలాయి, నా పనికి చాలు అనేవారు. కొత్తది కొనిస్తే ఎవరో పిల్లకు ఇచ్చేసి మళ్లీ ఆ ముక్కే పెట్టుకున్నారు.

ఊళ్లో ఆయన మీద ఒకటే ఫిర్యాదు: అన్నింట్లో వేలు పెడతాడు. అక్షరాలా నిజం. ఎక్కడ పట్టిక కనబడినా ఆగి, ఎడమవైపు ఒక మాట మీద చూపుడు వేలు ఆనించి, కుడివైపుకు జరుపుకుంటూ పోయేవారు. రేషన్ దుకాణం బోర్డయినా, మందుల డబ్బా మీద చీటీ అయినా అంతే. ఒకసారి బస్టాండు బోర్డు మీద సుక్మా బస్సు దగ్గర పెట్టిన వేలు దంతెవాడ బస్సు టైము దగ్గర తేలింది. ఏజెంటును పిలిచి చూపించారు. చదువుకున్న మీకే తెలియకపోతే ఎట్లా సారూ అని అతను నవ్వాడు. తెలిసినవాడికి బోర్డెందుకు, తెలియనివాడి కోసమే కదా అని సారు అక్కడే బల్ల మీద కూర్చున్నారు. పెయింటరు వచ్చి వరసలు దిద్దేదాకా లేవలేదు. ఆ రోజు మాకు లెక్కల క్లాసు పోయింది. అందుకు మేమెవరమూ బాధపడలేదు.

లాటెక్ అని, కంప్యూటరులో అచ్చుపేజీలు కట్టే పద్ధతి ఒకటుంది; అది ఆయనకు ప్రశ్నపత్రాల పుణ్యమా అని పట్టుబడింది. భిన్నాలూ వర్గమూలాలూ టైపు చేయించలేక విసిగిపోయి ఉంటే, జగ్దల్‌పూర్ కాలేజీలో ఎవరో చూపించారు. దాంట్లో పేజీని కళ్లముందు లాగి సర్దడం ఉండదు. పట్టికలో ఏ నిలువు వరస ఎంత వెడల్పుండాలి, గడిలో మాటలు పైకి నిలబడాలా, నడుమనా, అడుగునా అన్నది రాసి చెప్పాలి. చెప్పినట్టు కట్టి ఇస్తుంది. చెప్పకపోతే తనకు తోచినట్టు కడుతుంది. రిటైరయ్యాక సారు పాత శిష్యులం మా నలుగురికి తన వరండాలో అది నేర్పారు. ఒకతను పట్టిక పాడైందని కంప్యూటరు మీద మండిపడితే సారు, "చెప్పకుండనే అర్థం జేసుకోవాల్నంటే ఇదేమన్న నీ పెండ్లామా?" అన్నారు. లోపలి నుంచి అమ్మగారు, పెళ్లాలకు మాత్రం ఎవరైనా చెప్పి ఏడిశారా అని అడిగారు. సారు గబుక్కున తర్వాతి పట్టికలోకి వెళ్లిపోయారు.

నా మొట్టమొదటి పట్టిక పేజీ అంచు దాటి బయటికి పోయింది. పేజీ వెడల్పును సరిగ్గా మూడు భాగాలు చేసి మూడు వరసలకు పంచాను. కూడితే లెక్క సరిపోతోంది, అచ్చులో చూస్తే చివరి మాటలు గాలిలో ఉన్నాయి. నాకు కోపం త్వరగా వస్తుంది, లాటెక్‌కే లెక్కలు రావన్నాను. సారు స్కేలు ముక్క తీసి కాగితం మీద పెట్టి, "ఇల్లు మూడు గదులు జేసినవ్ బిడ్డా. గోడల మందం ఏడ పెట్టినవ్?" అన్నారు. ప్రతి వరసకూ అటూ ఇటూ అది కొంచెం ఖాళీ వదులుతుందని నాకు తెలియదు. మూడు వరసలకు ఆరు ఖాళీలు. ముందు వాటిని తీసేసి, మిగిలిందే పంచాలి. ఇరవై రకాల అచ్చుపనులు చేశాను ఆ తర్వాత, ఇప్పటికీ ముందు గోడలు తీసేశాకే గదులు కడతాను.

నిలబెట్టడం ఇంకా కష్టం. ఒక గడిలో ఒక పంక్తి ఉంటుంది, పక్క గడిలో నాలుగుంటాయి, ఏది దేనికి ఎదురుగా రావాలి? లాటెక్‌లో పి అని రాస్తే ప్రతి గడిలోనూ మొదటి పంక్తి ఒకే గీత మీద నిలబడుతుంది. ఎం అంటే నడుమకు, బి అంటే ఆఖరి పంక్తి దగ్గరకు. పి అంటే పంక్తి అని గుర్తుపెట్టుకోమన్నారు సారు. భోజనాల పంక్తిలో అడ్డాకు విస్తళ్లన్నీ ఒకే గీత మీద పరుస్తాం, పొడుగువాడని ఒకడి ఆకు వెనక్కి జరపం. ఆ అక్షరానికి అసలు అర్థం వేరే ఉందని తర్వాత తెలిసింది గానీ నాకు సారు చెప్పిందే నచ్చింది. భాషల సంగతి కూడా ఆయనే చెప్పారు. హిందీ అక్షరం పైగీతకు వేలాడుతుంది, తెలుగుకు ఒత్తులు కిందికి దిగుతాయి. అడ్డగీతలు దగ్గరగా గీస్తే పై గీత హిందీ నెత్తిన తగులుతుంది, కింది గీత తెలుగు కాళ్లు నరుకుతుంది. ఒకరికి నెత్తిన జాగా, ఒకరికి కాళ్లకింద జాగా ఇవ్వాలి. బస్తర్‌లో పేజీ కట్టేవాళ్లకు ఇంతకు మించిన పాఠం నేను చెప్పలేను.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది నా తప్పు గురించి.

మూడు వానాకాలాల కింద ఒక సేవాసంస్థ జ్వరం మాత్రల పట్టిక కట్టమని నాకు అప్పగించింది. సరిహద్దు ఊళ్లలో మితానిన్ల కోసం, గోడకు అంటించేది. ఎడమ గడిలో పిల్లల వయసు మూడు భాషల్లో ఒకదాని కింద ఒకటి: పైన హిందీ, నడుమ తెలుగు, అడుగున హిందీ లిపిలోనే డోర్లీ. కుడి గడిలో మూడు రోజులకు ఎన్ని మాత్రలో, రోజుకో పంక్తి. అప్పట్లో నాకు గీతలు లేని పట్టికే నాగరికమని పిచ్చి ఉండేది. అడ్డగీతలన్నీ తీసేశాను. వయసు గడికి పి రాశాను, మాత్రల గడికి అడుగున ఆనితే నిండుగా ఉంటుందని బి రాశాను. అచ్చు తీసి చూసుకుంటే ముచ్చటేసింది. గోడకు తగిలించుకోవాలనిపించేంత బాగుంది.

సారు ఫోన్లో విని, ఒక కాగితం పట్టుకుని కుంటకు రమ్మన్నారు. బస్సులో పోను ఒక పూట, రాను ఒక పూట. ఫోన్లో ఫొటో పంపుతానన్నాను. కంటికి సరిపోతే చాలదు, వేలికి సరిపోవాలి అన్నారు. అచ్చుకు పంపడానికి రెండు రోజులే ఉన్నాయి, అయినా సణుక్కుంటూ వెళ్లాను. వరండాలో అప్పటికే మితానిన్ అక్క కూర్చుని ఉంది. ఆమె ఐదో తరగతి దాకా చదివింది, సారు బడిలోనే. ఇంట్లో మాట డోర్లీ.

సారు కాగితం ఆమె ముందు పెట్టి, నాలుగేళ్ల పిల్లకు జ్వరమొచ్చింది, మొదటి రోజు ఎన్ని మాత్రలిస్తావని అడిగారు. అక్క వేలు హిందీ మీద ఆగలేదు, తెలుగు మీదా ఆగలేదు. అడుగుకు దిగి తన భాషలో ఉన్న వయసు చదువుకుంది. అక్కడి నుంచి కుడివైపుకు జరిగింది. ఎదురుగా ఏమీ లేదు. వేలు కొంచెం తడబడి, దగ్గరలో కనబడ్డ అంకెల మీద వాలింది. అవి కింది వరసవి. పెద్ద పిల్లలకు ఇచ్చే మాత్రల లెక్క ఆమె పైకి చదివింది.

నేను కాగితం మీదికి వంగి చూశాను. నేను పి, బి కలిపేసరికి మాత్రల గడిలో ఆఖరి పంక్తి వచ్చి వయసు గడిలో మొదటి పంక్తికి ఎదురుగా నిలబడింది. లెక్క మొత్తం పైకి లేచిపోయింది. పైన హిందీ చదివే నాకు ఎదురుగానే ఉంది, అందుకే నాకు తప్పు కనబడలేదు. అడుగున డోర్లీ చదివేవాళ్లకు ఎదురుగా ఖాళీ, ఆ ఖాళీ కిందే వేరే పిల్లల మందు.

నా మొహం చూసి అక్క తను తప్పు చదివిందని తెలుసుకుంది. చెయ్యి గభాలున వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "నాకే సదువు సరిగ్గ రాలే సారూ," అంది. ఆ క్షణంలో నాకు ఊరట కలిగింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఆమెకు చదువు రాకపోవడం నా పట్టిక చెడిపోవడం కంటే నాకు హాయిగా తోచింది. తల కూడా ఊపానేమో.

సారు నావైపు చూడలేదు. అక్కతోనే మాట్లాడారు.

"తప్పు నీ వేలుది గాదు తల్లీ, కాయితానిది. మల్ల పెట్టు. వేలు ఎటు పోతే మందు గూడ అటే పోతది. తప్పున్నదని నువ్వు జెప్పకపోతే మాకెట్ల తెలుస్తది?"

అక్క మళ్లీ పెట్టింది, మళ్లీ అక్కడే వాలింది. ఈసారి సారు ఆమె చేత, కాగితం తప్పుంది అని నోటితో చెప్పించారు. ఆమె సిగ్గుపడి గొంతులోనే అంది. ఆయన మరోసారి అనమన్నారు. అప్పుడు కాస్త వినబడింది. ఆ తర్వాతే నావైపు తిరిగి, కంప్యూటరు ముందున్న తన కుర్చీ ఖాళీ చేసి, కూర్చోమన్నారు. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదు.

దిద్దడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండు వరసలకూ పి రాశాను. ఒక్కో వయసు కిందా ఒక అడ్డగీత తెచ్చి పెట్టాను, నాగరికం పోతే పోయింది. గీతకూ అక్షరాలకూ నడుమ పైనా కిందా జాగా ఇచ్చాను. మళ్లీ అచ్చు తీసి అక్క చేత చదివించాం. అమ్మగారి చేత కళ్లజోడు తీయించి చదివించాం. పాల ప్యాకెట్లు ఇవ్వడానికి వచ్చిన అతను కూడా తప్పించుకోలేకపోయాడు. అందరి వేళ్లూ చేరాల్సిన చోటికే చేరాయి. మర్నాడు పట్టిక అచ్చుకు వెళ్లింది, వానలకు ముందే ఊళ్లకు చేరింది. ఆ పని నా జీవితంలో నేను చేసిన మంచి పని అని ఈ రోజు ధైర్యంగా చెప్పుకుంటాను. అది చెడకుండా ఆపిన మనిషి సారు.

సారు పోయిన పదకొండో రోజుకు చాలామంది వచ్చారు. నగర్‌నార్ స్టీలు ప్లాంటులో పనిచేసే పాత శిష్యులు వచ్చారు, అందరూ ఆయన లెక్కలు చెప్పిన తీరు గురించి మాట్లాడారు. భోజనాలయ్యాక నేను వరండాలో ఒక మూల కూర్చుని సంచి తెరిస్తే, సారుకు చూపించాలని తెచ్చిపెట్టుకున్న కొత్త పట్టిక కనబడింది. పిల్లల విరేచనాలకు ఇచ్చే మందుది. కబురు రాకముందే అచ్చు తీసి సంచిలో పెట్టాను. పట్టుకుని కూర్చుంటే ఏడుపు ఆగలేదు. ఆయన లేకుండా దీన్ని అచ్చుకు పంపడం నా వల్ల కాదనిపించింది.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. అదేందమ్మా అని అడిగి, చేతిలోంచి కాగితం తీసుకుని మోకాలి మీద పరుచుకుంది. నేను ఏమీ అడగలేదు. ఆమే చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, పై నుంచి అడుగుకు దిగి, డోర్లీ మాటల మీద వేలు పెట్టింది. మొదటి వరస సాఫీగా పోయింది. రెండోదీ పోయింది. మూడో దాని దగ్గర ఆగింది. నేను తొంగి చూశాను. వయసు గడి ఇరుకై, రెండు నుంచి ఐదేళ్లు అన్న మాట నడుమ విరిగింది. రెండు పైన ఉండిపోయింది, ఐదు కిందికి జారి, వేరే వయసులా ఒంటరిగా నిలబడింది. తెలుగులో విరగలేదు, హిందీలో విరగలేదు. డోర్లీ మాట పొడుగు, నేను దాన్ని కొలవలేదు.

అక్క ఒకసారి నా మొహంలోకి చూసింది. నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆమె గొంతు తగ్గించలేదు.

"కాయితం తప్పున్నదమ్మా," అంది.

నేను సంచిలో పెన్సిలు కోసం వెతుక్కున్నాను. అది వెంటనే దొరకలేదు. దొరికి, గడి పక్కన గుర్తు పెట్టేదాకా ఆమె వేలు అక్కడి నుంచి కదల్లేదు.