పత్తి ఎందుకు పగిలింది?

ఆదోని దగ్గరి పల్లె బడిలో రెండో తరగతికి ఏటా ఏడు చేపల కథ చెబుతాను. చేప ఎందుకు ఎండలేదు, ఆవు ఎందుకు మేయలేదు అని నేనడిగితే పిల్లలంతా జవాబు చెప్పాలి. పోయినేడాది ఒక పాప మాత్రం నోరు విప్పేది కాదు. పత్తి తీసే కాలంలో నాలుగు రోజులు బడికే రాలేదు.

వచ్చాక, ఎందుకు రాలేదని అడిగాను. లేచి నిలబడింది.

"నేనెందుకు రాలేదు? తమ్ముడు ఏడ్చినాడు. తమ్ముడెందుకు ఏడ్చినాడు? అమ్మ సేనికి పోయింది. అమ్మెందుకు పోయింది? పత్తి పగిలింది. పత్తీ పత్తీ, ఎందుకు పగిలినావు? నా కాలమొస్తే పగలనా?"

ఆ చివరి జవాబు నేను నేర్పింది కాదు. కథలు ఆపి పాఠం చెప్పమని నన్ను సతాయించేవాళ్ళు ఆ పూట నా తరగతిలో ఉండాల్సింది.