మంచుకని కొన్న థర్మల్స్

మంచుకొండల్లో స్కీయింగ్ నేర్చుకోవడానికి ఒక్కదాన్నే పేరిచ్చి, నెల్లూరు బట్టల షాపులో థర్మల్స్, అదే చలికి లోపల వేసుకునే బట్టలు, అడిగాను. "ఈ ఉక్కలో ఇవెందుకక్కా?" అని షాపతను నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఉన్నవాటిలో చవకవి రెండు జతలు, ఒకటి కాటన్, ఇంకోటి పాలిస్టర్, తీసుకుని వచ్చేశాను.

వాటిని పరీక్షించడానికి నాకు చోటుంది. నేను పనిచేసే రొయ్యల ఫ్యాక్టరీలో కోల్డ్ స్టోరేజీ. అంత చలిలోనూ పెట్టెలు మోస్తే చెమట పడుతుంది. మొదటి రోజు వేసుకున్న కాటన్ ఆ చెమటంతా పీల్చుకుని వీపుకి చల్లగా అతుక్కుపోయింది. మర్నాడు వేసుకున్న పాలిస్టర్ ఇట్టే ఆరింది.

లోపల ఒక్కరే ఉంటే, బయటున్నవాళ్లు మధ్యమధ్యలో తలుపు తట్టి పలకరించాలన్నది మా దగ్గర నియమం. ఆ రెండు రోజులూ నాతో పనిచేసే అమ్మాయి తలుపు తట్టి, "ఉండావా అక్కా?" అని అరుస్తూనే ఉంది.

"ఉండాన్లే, పో!" అని విసుక్కున్నాను.

కొండ మీద పాలిస్టర్ నా పరువు నిలబెట్టింది. ఎన్నిసార్లు పడినా ఒళ్లు పొడిగా, వెచ్చగానే ఉంది. చివరి రోజు నాతో నేర్చుకున్న మిగతావాళ్లంతా నవ్వుకుంటూ కిందికి జారిపోయారు. ఆ తెల్లటి వాలులో నేనొక్కదాన్నే మిగిలాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

అయినా పైకే అన్నాను, "ఉండాను" అని.