ముందరి కాయ

మా ఇంటికి చిన్నకోడలిగా వచ్చిన నా తోడికోడలు పెట్టెలో చీరలతో పాటు ఒక గోల్ఫు కర్ర తెచ్చుకునింది. వాళ్ల నాయన బెంగళూరులో గోల్ఫు మైదానంలో గడ్డి కోసేవాడు. ఎవరో పారేసిన కర్ర అది. రోజూ ముగ్గు వేసినాక కొట్టం వెనక కాళ్లు కుదురుగా పెట్టి నిలబడి, ఎండిన నిమ్మకాయలు మూడు కొట్టేది. మూడూ గోడ దాటేవి.

ఆ ఏడు శెనక్కాయ పీకే రోజు ఇరవైమంది కూలోళ్లకు సంగటి చేయాల. పాలు, నీళ్లు, పొయ్యి అన్నీ ఒకేసారి చూడబోయి నేను సంగటి మాడగొట్టినాను. ఆమె పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, "నిమ్మకాయలు మూడూ ఒకేసారి కొడతానా? ముందరి కాయ ఏదక్కా? దాన్నే చూడు" అనింది.

మా అత్త నా చేతిలోని తెడ్డు తీసి ఆమెకిచ్చింది. "పెద్దకోడలంట, పెద్దకోడలు! దాన్ని చూసి నేర్చుకోవే."

పదేళ్లుగా నాదైన తెడ్డు అది. ఆ సాయంత్రం దీపం పెట్టి, అందరినీ చల్లగా చూడమని అడగలేదు. ఆమె కాయ ఒక్కటైనా గోడకు తగలనీ స్వామీ అని మొక్కినాను.

మర్నాడు ఎవరూ లేనప్పుడు ఆ కర్ర నేనే పట్టుకున్నాను. దుమ్ము లేచింది గానీ కాయ కదల్లేదు. తిరిగి చూస్తే ఆమె! నవ్వుతుందనుకున్నాను. "మోచెయ్యి వంచొద్దక్కా" అని వెనక నిలబడి నా చెయ్యి సరిచేసింది. ఈసారి కాయ గోడ దాటింది.

అట్లాంటి మనిషిని మా ఇంటికి ఇచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. నా మోచెయ్యి ఆమె ఒక్క పూటలో సరిచేసింది. నా కుళ్లును ఆయన ఇంకా సరిచేస్తానే ఉండాడు.