ఎండాకాలమంతా ఓడిపోయే మా బావ

మా బావ హజరత్తయ్యకు పందెం పిచ్చి. ఎదుటి మనిషి నోరు తెరిచి ఏదో ఒక మాట అంటే చాలు, అది కాదని అరచెయ్యి చాచేస్తాడు. "పందెం. చెయ్యి వెయ్యి అబ్బయా." డబ్బు మాత్రం కాయడు. డబ్బుతో కాస్తే జూదం, వస్తువుతో కాస్తే సరదా అని ఆయన సిద్ధాంతం. అందుకని సోడాలు, బోండాలు, బుట్టెడు చేపలు, సొంత కొట్లో గుడ్డలు కాస్తుంటాడు.

పెళ్ళిపీటల మీద కూర్చుని, తాళి కట్టేలోపు కరెంటు పోతుందని అయ్యవారితో పందెం కాశాడు. మంగళసూత్రం చేత్తో పట్టుకుని ట్యూబులైటు వంక చూస్తూ ఉండిపోయాడు. మా అక్క ప్రేమలీల మోచేత్తో పొడిచాక గానీ ముడి పడలేదు. "ఆ రోజే పీటల మీద నుంచి లేచి పోవాల్సింది" అని అక్క ఇప్పటికీ అంటుంది, ఆయనకు కాఫీ కలిపిస్తూనే.

ఒకసారి కావలి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నర్సు ఏంజెలిన్ బీపీ చూడటానికి చేతికి పట్టీ చుట్టగానే, "నూట యాభై దాటి ఉంటాది. పందెం" అన్నాడు.

"అంత ఉండదులే పెద్దాయనా" అంది ఆమె పాపం, మంచి మనసుతో.

నూట అరవై ఉంది. గెలిచిన సంతోషం పట్టలేక, రెండోసారి చూసేసరికి అది ఇంకా పెరిగింది.

శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజున మా ఊరివాళ్ళంతా మిద్దెలెక్కి దక్షిణం వైపు చూస్తారు. మా బావ ఆకాశం వంక చూడడు. మబ్బు అడ్డుపడినా సరే, "అదుగో కనపడింది" అని మొదట అబద్ధమాడేది ఎవరో ముందే పందెం కాసి, వాళ్ళ మొహం వంక చూస్తుంటాడు.

జువ్వలదిన్నె హార్బరుకు వెళ్ళే దారిలో ఆయనది బట్టల కొట్టు, వెనక గదుల్లో కాపురం. పిల్లల యూనిఫాంలు, బ్యాగులు, నోటుపుస్తకాలు కూడా అమ్ముతాడు. అందులో గుడ్డ కత్తిరించే పని నాది. నా పేరు పెంచలకృష్ణ. ఈయన గెలుపోటముల బరువు మోసింది నేనే కాబట్టి, ఆ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. సముద్రంలో చేపల వేట సాగినన్నాళ్ళూ మా బావకు ఓటమి లేదు. వంజరాలు, పండుగప్పలు, రొయ్యలు, ఏది పడితే అది గెలిచేసేవాడు. అక్క పులుసు పెట్టీ పెట్టీ విసిగిపోయి, "ఒక్క పూటన్నా ఓడిపోయి రా, పప్పు తిందాం" అనేది.

వేట నిషేధం వచ్చిందంటే కథ తిరగబడేది. ఏప్రిల్ నడుమ నుంచి రెండు నెలల పాటు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఇంట్లో పైసా ఆడని ఆ రోజుల్లోనే బళ్ళూ కాలేజీలూ తెరుస్తారు. సర్కారు బడి పిల్లలకు బట్టలు బడిలోనే ఇస్తారు గానీ, పై చదువులకు కావలి వెళ్ళే పిల్లలు కొనుక్కోక తప్పదు. సరిగ్గా అప్పుడే మా బావ వరసబెట్టి ఓడిపోయేవాడు. పుట్టినప్పటి నుంచీ సముద్రం మీదే ఉన్న చిన్నాతో, "రేపు గాలి ఏ పక్కకు తిరగతాదో నువ్వు చెప్పలేవు, పందెం" అన్నాడు. చేపతో ఈత పందెం కాసే మనిషిని ఏమనాలి? చిన్నా చెప్పాడు, గాలి తిరిగింది, రెండు జతల యూనిఫాం పోయింది. వలలు బాగుచేసే ఒకామెతో, "టీ చల్లారే లోపల ఈ చిరుగు కుట్టలేవు" అన్నాడు. ఆమె చిరుగు కుట్టి, టీ వేడిగానే తాగి, బ్యాగు పట్టుకుపోయింది.

"ఎండలకు నీ మెదడు కరిగిపోతా ఉండాది బావా" అనేవాణ్ణి.

"వచ్చే పందెం మనదే అబ్బయా" అనేవాడు.

నేనూ నమ్మేవాణ్ణి. బుర్ర ఉన్న వంశం కాదు మాది.

ఈ ఏడాది మాత్రం మా బావకు మాలకొండమ్మ తగిలింది. ఆమె మొగుడు చెంగయ్య ఇంకొకరి పడవ మీద వేటకు పోతాడు. కూతురు స్వర్ణ పది పాసయింది. కావలిలో హాస్టలున్న కాలేజీలో సీటొచ్చింది. వాళ్ళ వీధి నుంచి ఇంటరుకు వెళ్ళే మొదటి ఆడపిల్ల అదే. యూనిఫాం, బూట్లు, ట్రంకుపెట్టెతో సోమవారం పొద్దునకల్లా రావాలని కాలేజీవాళ్ళు చెప్పారు. అవి అమరకపోతే పిల్ల తడ దగ్గర కంపెనీలో పనికి పోతుంది. పనివాళ్ళను ఎక్కించుకునే కంపెనీ వ్యాను వచ్చేది కూడా ఆ సోమవారమే.

మాలకొండమ్మ ఊరికే ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోదు. ఎప్పుడో టౌను నుంచి కొందరు వచ్చి పిల్లలకు బ్యాగులిచ్చి, వాటిని పైకెత్తి పట్టుకోమని ఫోటోలు తీశారు. ఈమె ఆ బ్యాగు పట్టుకుని కారు వెనకాల పరిగెత్తి వాళ్ళకే ఇచ్చేసి వచ్చింది. పోనీ పందెంలో ఇద్దామా అంటే, వాళ్ళ నాయన కోడిపందేల్లో సొంత పడవ పోగొట్టాడు. పందెం మాట వినపడితే ఆమె చీపురు కోసం వెతుకుతుంది.

మా బావ మొదట చెంగయ్యను పట్టుకున్నాడు. "సముద్రంలో ఉప్పు లేదంట. పందెం."

చెంగయ్య చేతులు రెండూ లుంగీలో దాచుకున్నాడు. "మా ఇంటామె చంపేస్తాది అన్నా. ఉప్పు లేదంటే లేదనుకుందాం."

తరవాత వీధిలో స్వర్ణను నిలబెట్టి పదిహేడో ఎక్కం చెప్పలేవన్నాడు. లోపలి నుంచి మాలకొండమ్మ గొంతు వచ్చింది. "హజరత్తన్నా, ఎక్కాలు నీ కొట్లో చెప్పించుకో. నా బిడ్డ జోలికి రాబాక." ఆఖరికి వాళ్ళ కోడి ఆ రోజు గుడ్డు పెట్టదని కాయబోయాడు. మాలకొండమ్మ కోడిని లోపలికి తోలి తలుపు వేసేసింది.

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవాళ్ళు. మా బావ పట్టు పడితే ఉడుమే. కొట్టుకొచ్చి, "స్వర్ణకు రెండు జతలు కత్తిరించు" అన్నాడు.

"కొలతలు?"

"ఎక్కం అడిగినప్పుడు కంటితో కొలిచినాను. రాసుకో."

"ఆమె తీసుకోదు బావా."

"తీసుకుంటాది."

"ఎట్టా?"

"అది తెలిస్తే ఈపాటికి ఇచ్చుండనా?"

అప్పుడు వెలిగింది నాకు. పందెం కుదరనేలేదు, ఓడిపోనేలేదు, గుడ్డ మాత్రం ముందే తెగుతోంది. "అంటే బావా, ఇన్నేళ్ళూ నువ్వు కావాలనే..."

"మెల్లగా మాట్లాడు. మీ అక్క వింటాది."

"పెళ్ళయిన ఏడాదే తెలుసు నాకు" అంది అక్క లోపలి నుంచి. "ట్రంకుపెట్టెకు తాళం మరిచిపోబాకండి."

ఆదివారం సాయంత్రం స్వర్ణను వెంటబెట్టుకుని మాలకొండమ్మే కొట్టుకొచ్చింది. బల్ల మీద ఇస్త్రీ చేసిన యూనిఫాం చూసింది.

"ఎవురివన్నా ఇవి?"

"ఎవురో కుట్టించుకుని తీసకపోలేదు. నీ కూతురికైతే సరిపోనే పోవు. పం..." అని మిగతాది మింగాడు.

"చాల్లే అన్నా. ఎండాకాలంలో నువ్వెందుకు ఓడిపోతావో మా వీధంతా తెలుసు. అందుకే వేట ఉండే రోజుల్లో మావోళ్ళు నీ కాడ కావాలని ఓడిపోతారు."

మా బావ మొహం వాడిపోయింది. "అయితే నేను గెలిచిన వంజరాలు?"

"అన్నీ అంతే."

"చిన్నాగాడి పండుగప్ప?"

"అదీ అంతే."

"ఒక్కటన్నా నిజంగా గెలవలేదా?"

మాలకొండమ్మకు జాలేసింది. కాసేపు ఆలోచించి, "ఆసుపత్రిలో బీపీది నిజమేనన్నా" అంది.

మా బావ స్టూలు మీద కూలబడ్డాడు. "సరే. ఈ పిల్లకు ఎట్టా ఇయ్యాలో నువ్వే చెప్పమ్మా. నాకు పందెం తప్ప వేరే దారి తెలీదు. అది మాత్రం ఆ వ్యాను ఎక్కకూడదు."

ఆమె యూనిఫాం తీసి కూతురి భుజాలకు ఆనించి చూసింది. తరవాత, "ఇన్నేళ్ళుగా నిన్ను అన్నా అంటా ఉండానే. నా బిడ్డకు నువ్వేమవతావు?" అని అడిగింది.

"మామనవతా."

"మేనమామ గుడ్డలు పెడితే దాన్ని దానమంటారా యాడన్నా? పసుపు కుంకుమతో పెట్టు. పందెం మాట లేకుండా పెట్టు. కళ్ళకద్దుకుని తీసుకుంటా."

అక్క పళ్ళెం, పసుపు కుంకుమ తెచ్చింది. నేను గుడ్డ కత్తిరించే బల్ల ఖాళీ చేసి దాని మీద దుప్పటి పరిచాను. ఓణీల పండుగ పెళ్ళికూతురిలా స్వర్ణను దాని మీద కూర్చోబెట్టాం. పళ్ళెంలో యూనిఫాం, దాని మీద జామెట్రీ బాక్సు, బల్ల పక్కన బూట్లు పెట్టాం. మా బావ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. చెమటలు కారిపోతున్నాయి. ఎదుటివాళ్ళను కాదనకుండా ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడటం ఆయనకు అదే మొదలు.

"అమ్మా స్వర్ణా, ఇవి... ఇవి మీ మామ పెడతా ఉండాడు. తీసుకో."

"తీసుకుంటా మామా" అంది ఆ పిల్ల. "కుంకుమ కొంచెం దూరంగా పెట్టు. చున్నీ తెల్లది."

అందరం నవ్వాం.

సోమవారం పొద్దున కావలి బస్సు వచ్చింది. రోడ్డుకు అవతల కంపెనీ వ్యాను ఆగి ఉంది. స్వర్ణ అటు చూడకుండా బస్సెక్కింది. చెంగయ్య ట్రంకుపెట్టె పైకందించాడు. బస్సు కదిలే ముందు మాలకొండమ్మ మా బావ దగ్గరకు వచ్చింది. అటూ ఇటూ చూసి అరచెయ్యి చాచింది. మా అక్క నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"నా బిడ్డ రెండేళ్ళూ నిలబడి చదివి పాసయి వస్తాది. కాదంటావా అన్నా? పందెం."

మా బావ చెయ్యి అలవాటుగా సగం దాకా లేచింది. అక్కడ ఆగింది. రెండు చేతులూ వెనక్కి కట్టేసుకున్నాడు.

"ఈ పందెం నేను కాయనమ్మా."

"ఏం, ఓడిపోతానని భయమా?"

"ఓడిపోయేది నాకు కొత్తా? దానికి ముందు నోటితో 'కాదు' అనాల గదా. ఆ మాట నా వల్ల కాదు."

బస్సు మలుపు తిరిగేదాకా ఆయన చేతులు వెనకాలే ఉన్నాయి.