నౌకరు చీటీ

మా పక్కింటి మావయ్య మొన్న మంగళవారం పోయారు. మల్కాపురంలో మా రెండిళ్లకీ మధ్య ఒకే గోడ. అత్తయ్య ఆస్పత్రి నుంచి వచ్చి ఆ గోడ తట్టి చెప్తే ముందు నేను నమ్మలేదు. విన్నదేదీ వెంటనే నమ్మొద్దని నాకు నేర్పిందే ఆయన.

హార్బర్లో క్రేన్ నడిపి రిటైరయ్యాక ఆయనకి మాటల పిచ్చి పట్టింది. లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి, ఏ మాట ఎక్కడిదో పాత శుభలేఖల వెనక రాసి పెట్టెలో దాచేవారు. వాటిలో ఆయనకి ప్రాణం ‘నౌకరు’.

“ఏటనుకుంటన్నావు అల్లుడూ, ఇది మంగోలోళ్ల మాట” అనేవారు. అక్కడ ‘నొకొర్’ అంటే పక్కన నిలబడే స్నేహితుడు. ఇప్పటికీ ఆ దేశంలో మొగుణ్ణి కూడా ఆ మాటతోనే చెప్పుకుంటారట. పారశీకంలోకి వచ్చి కొలువు చేసేవాడయ్యాడు. ఉర్దూ మీదుగా మన దగ్గరికొచ్చేసరికి చెప్పిన పని చేసేవాడు. “దోస్తు నౌకరెలాగైపోనాడు? మజ్జిలో ఎవుడో మోసం సేసుంటాడు.”

‘నొకొర్’కీ ముందుదని చెప్పే మూల రూపం పక్కన మాత్రం నక్షత్రం గుర్తు పెట్టారు. “దీన్ని రాసుండగా ఎవలూ సూళ్లేదు. మనవల మొకాలు సూసి తాత బొమ్మ గీసినట్టు పండితులు గీసేరు. నానైతే సగమే నమ్ముతాను.”

అంతే ఆయన. మీటరు చూడ్డానికొచ్చినవాడి కార్డు కూడా రెండుసార్లు తిప్పి చూసేవారు.

ఒకసారి మా ఆఫీసులో తెలుగు గురించి మాట్లాడమన్నారు. ఆయనకి చెప్పకుండా ఆ ‘నౌకరు’ చీటీ పెట్టెలోంచి తీసి జేబులో పెట్టుకెళ్లి, అంతా నేనే కనిపెట్టినట్టు చదివేశాను. శాలువా కప్పారు. ఆయన ఊసే ఎత్తలేదు. సిగ్గులేని పని. సాయంత్రం తిరిగి పెట్టేద్దామని వెళ్తే, అప్పటికే పెట్టె బోర్లించి గదంతా పరుచుకుని వెతుకుతున్నారు. చీటీ జేబులోనే ఉంచుకుని నేనూ ఆయనతో కలిసి వెతికాను.

పేపరు వేసేవాణ్ణి అనుమానించారు, కేబులు వాణ్ణి అనుమానించారు. చివరికి సొంత తమ్ముడి మీద పడ్డారు, మాటలు మానేశారు. నన్ను మాత్రం పక్కకి పిలిచి, “ఎవుడో తెలిసినోడే అల్లుడూ. నువ్వో కన్నేసుంచు” అన్నారు. సరేనన్నాను. రెండేళ్లపాటు, ఆయన పెట్టిన టీ తాగుతూ, ఆయన చెప్పిన మాటలు నేర్చుకుంటూ, సరే అంటూనే ఉన్నాను.

ఆఖరి వారం ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని అడిగారు.

“దొంగ దొరికేడేటి?”

“లేదు మావయ్యా.”

నా మొహం చాలాసేపు చూశారు.

“పోన్లే. తమ్ముణ్ణి రమ్మను.”

ఆయనకి తెలిసిపోయిందని నా అనుమానం. ఎప్పుడు తెలిసిందో తెలీదు, ఇక అడగడానికీ లేదు. తమ్ముడొచ్చి మంచం అవతల కూర్చుని ఏడుస్తుంటే ఒక చెయ్యి అతని తల మీద పెట్టారు. రెండో చేత్తో నా చెయ్యి అలాగే పట్టుకునే ఉన్నారు.