రేకు మీద అరచెయ్యి

రాయల్పాడులో మామిడికాయలు ఎత్తుకుని కోలారు మండీకి వస్తా ఉంటే, నా పాత లారీ ఇంజన్ లోపల సుత్తితో కొట్టినట్టు శబ్దం మొదలైంది. దారిలో ఎక్కించుకున్న ఒక ముసలామె నా పక్కన కూర్చోనుండాది. కేజీఎఫ్ ఆమె. మొగుడు బంగారు గనిలో పని చేసినాడంట.

లారీ రోడ్డు ఓరగా నిలిపి, బానెట్ ఎత్తి, ఇంజన్ ఆడతా ఉండగానే ఒక్కొక్క సిలిండరుకూ డీజిల్ అందకుండా పైపు నట్టు వదులు చేసి చూసినాను. మూడోదాని దగ్గర శబ్దం నిలిచిపోయింది.

"నిలిచిందమ్మా!" అన్నాను సంతోషంగా.

ఆమె క్యాబిన్ రేకు మీద ఆనించిన అరచెయ్యి తియ్యలేదు.

"గనిలో రాయి పేలితే పైన మా ఇండ్లు అదిరేవి. అదురు నిలిచినా మేం గోడ మీద చెయ్యి తీసేవాళ్ళం కాదప్పా. నిలిచినాకే కదా భయం, లోపల మనోళ్ళు ఎట్లుండారో అని."

అప్పుడు గుర్తొచ్చింది. శబ్దం నిలిచిందంటే రోగం ఆ సిలిండర్లోనే ఉందని అర్థం. బేరింగు పోయుంటే, లోడుతో ఇంగ కొంచెం దూరం నడిపినా పిస్టన్ రాడ్డు ఇంజన్ను చీల్చుకుని వస్తాది. ఇదంతా తెలిసిన నేనే, శబ్దం నిలవగానే బతికిపోయినాననుకున్నాను.

ఇంజన్ ఆపేసినాను. ఆమె చెయ్యి రేకు మీదే ఉండాది.

ఇప్పుడు ఇంజన్ ఆపిన ప్రతిసారీ నా చెయ్యి కూడా అట్లే కాసేపు ఉండిపోతాది.