హోరులో చెప్పిన మాట

మా వియ్యంకుడు పోయాడని మా కోడలే నాకు చెప్పింది. రోడ్డు పొడుగూతా మామిడికాయల లారీలు నిలబడి ఉన్న రోజులు. బంగారుపాళ్యం నుంచి ఫోనొచ్చింది. పెట్టేసి వచ్చి, "మామా, మా నాయన పోయినాడు" అని గడపలో కూలబడింది. ఎవరేం చెప్పినా ఎదురు ఒక ఎకసెక్కం ఆడకుండా ఉండలేని నోరు నాది. ఆ పొద్దు అది తెరుచుకోలేదు.

వియ్యంకుణ్ణి ఆటపట్టించడం మా వైపు మర్యాద. ఏమీ అనకపోతేనే కోపమొచ్చిందేమో అనుకుంటారు. ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మిషన్ దగ్గర ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఆ మోతకు అలవాటై ఇంట్లోనూ అరిచినట్టే మాట్లాడేవాడు. మెల్లిగా బావా, పలమనేరు బస్టాండులో జనం ఉలిక్కిపడి లేస్తున్నారు అనేవాణ్ణి. నవ్వేవాడు. సంచి నిండా పండ్లు తెచ్చేవాడు గానీ తాను ఒక్క ముక్క ముట్టేవాడు కాదు. నేను దేనికైనా గబగబలాడితే, "కాయని తొందరపెడితే పులుస్తాది, మనిషిని తొందరపెడితే అలుగుతాడు బావా" అనేవాడు.

ఆయన్ను అనకూడని మాట ఒకటన్నాను. పెళ్లిలో, ఆయనే వంగి నా ఆకులో నెయ్యి వేస్తుంటే, "ఏం బావా, కూతురి పెండ్లికన్నా ఆ మామిడి కంపు కడుక్కోని రాకూడదా" అన్నాను. బంతి బంతంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నెయ్యి గిన్నె మాత్రం పక్కవాడి చేతికిచ్చి లోపలికి పోయాడు. మళ్లీ వడ్డనకు రాలేదు.

అప్పటినుంచి మా ఇంటికి ఎప్పుడొచ్చినా నేరుగా కొళాయి దగ్గరికే. సబ్బుతో చేతులు రుద్ది, ముక్కు దగ్గర పెట్టి చూసుకుని, అప్పుడు మనవరాలిని ఎత్తుకునేవాడు. ప్రతిసారీ చూశాను. తప్పైందని చెప్పాలనుకునేవాణ్ణి. నోరు తెరిస్తే ఎకసెక్కమే వచ్చేది.

మనవరాలి పుట్టెంట్రుకలు తిరుమలలో తీయించిన మర్నాడు రెండిళ్లవాళ్లం వ్యాన్లో తలకోన పోయాం. మంచి వానలు పడిన ఏడు అది. అడవిలో మెట్లెక్కుతుంటేనే నీళ్ల హోరు. జలపాతం కిందికి చేరాక పక్క మనిషి అరిచినా వినపడదు. ఆడవాళ్లు నీళ్లలోకి దిగారు. మేమిద్దరం బండ మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఇంత మోతలో ఎవరికి వినపడుతుందిలే అన్న ధైర్యంతో, మామూలు గొంతుతోనే, "పెండ్లిలో నేనన్నది తప్పు బావా, మనసులో పెట్టుకోవద్దు" అన్నాను.

ఆయన లేచి వచ్చి నా చెవిలో, "ఇంగోసారి సెప్పు. సగమే సూసినా" అన్నాడు.

మాటను చూడటమేమిటి అన్నాను. మిషన్ దగ్గర చెవులతో పని లేదట, పెదాలు చూసే మాట్లాడుకుంటారట. నీళ్లు చల్లగా ఉన్నాయన్నాను, అంతే అని అబద్ధమాడాను.

"నీళ్ల గురించి సెప్పేదానికి అట్లాంటి మొగం పెడతారా" అన్నాడు. కాసేపు ఎదురుచూశాడు. నేను చెట్ల మీద కోతుల వైపు తిరిగాను. నా భుజం తట్టి నీళ్లలోకి దిగిపోయాడు.

ఆయన చూసిన సగం ఏ సగమో నాకు తెలియదు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంటికి వస్తూ పోతూ ఉన్నాడు. చేతులు కడుక్కోవడం మానలేదు, నేను నోరు విప్పలేదు. ఆయన పెంచి ఇచ్చిన బిడ్డే ఈ పొద్దుకీ నాకు వేళకు అన్నం పెడుతోంది.

కర్మాంతరాలైన నెలకు, నేనెవర్నీ ఏమీ అనడం లేదని ఆ బిడ్డకే దిగులు పట్టుకుంది. "నన్నన్నా ఎగతాళి సెయ్ మామా, ఇల్లు ఇల్లులాగా లేదు" అంది. మావాడితో చెప్పి నన్ను తలకోనకు బయల్దేరదీసింది.

వానలింకా పట్టుకోలేదు. అంత ఎత్తునుంచి నీళ్లు సన్నగా తీగలా పడుతున్నాయి. పిట్ట కూసినా వినపడుతోంది. కొడుకూ కోడలూ పిల్లను తీసుకుని మడుగు వైపు పోయారు. నేను ఆ బండ మీదే కూర్చున్నాను. మాటను దాచిపెట్టే మోత ఈసారి లేదు. గట్టిగానే అన్నాను: "తప్పు నాదే బావా. అందరి ముందర నిన్నట్లా అనకుండా ఉండాల్సింది."

పక్కన పులిహోర పొట్లాలు విప్పుతున్న ఒకాయన తల తిప్పి, నాతోనా పెద్దాయనా అని అడిగాడు. కాదన్నాను. ఆయన నా ఎదుట ఉన్న ఖాళీ చూశాడు. పొట్లాలు తీసుకుని, పిల్లల్ని మెల్లిగా అవతలి బండ మీదికి జరుపుకున్నాడు, నా ఎదుట ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలి.